కొండ వాళ్లది, వంట మనది

సాయంత్రం శంఖం వినబడగానే ఒకామి వంటగదిలోంచి పరుగులాంటి నడకతో వచ్చింది. తడిచేతులు తుడుచుకుని, వీధి వసారాలో మోకాళ్ల మీద కూర్చుని, నుదురు చాపకి ఆనేంతగా వంగింది. తెల్లబట్టల మగవాళ్లు పదిహేనుమంది కొండ దిగి వస్తున్నారు. వసారా అంచున వరసగా కూర్చుని బురద బూట్లు విప్పారు. ఆవిడ అందరికీ టీ అందించింది, బూట్లు సర్దింది, స్నానానికి నీళ్లు సిద్ధంగా ఉన్నాయంది. ఒకామి అంటే విడిది యజమానురాలు. ఆవిడకి అరవై అయిదు దాటాయి. ఆ ఇంటికి కోడలిగా వచ్చి నలభై రెండేళ్లు. వాళ్లు దిగివచ్చిన ఆ కొండని ఆవిడ ఒక్కసారి కూడా ఎక్కలేదు. ఎక్కకూడదు.

ఊరి పేరు దొరొగవా. జపాన్‌లో నారా కొండల్లో, 800 మీటర్ల పైన ఉంది. ఒసాకా నుంచి షిమోఇచిగుచి దాకా రైల్లో వెళ్లి, అక్కడ బస్సెక్కి గంటకు పైగా కొండదారిలో పోవాలి. వీధి పొడవునా పాతకాలపు ర్యోకాన్లు. మన సత్రాల్లాగే ఇవీ యాత్రికుల కోసం పుట్టినవే. గుంపుగా వచ్చినవాళ్లు ఒకేసారి కూర్చుని చెప్పులు విప్పుకునేలా ప్రతి ఇంటికీ వీధివైపు పొడుగాటి వసారా. చూరు కింద లాంతర్లు, ఏటా వచ్చే యాత్రికుల సంఘాల పేర్లు రాసిన పలకలు. గదిలో గడ్డిచాపలు, మనం భోంచేసి వచ్చేలోగా ఎవరో పరిచి వెళ్లే పరుపు, కట్టుకోడానికి నూలు యుకాతా, కింద వేడినీటి బుగ్గ స్నానశాల. బాగుంది. బాగుందని ఒప్పుకోడానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ యాత్రా వ్యాసాలు రాసే మనవాళ్లు ర్యోకాన్ దగ్గరికి వచ్చేసరికి "అబ్బ, ఏం ఆతిథ్యం!" అని మురిసిపోయి ఊరుకుంటారు. ఆ ఆతిథ్యం ఎవరి మోకాళ్ల మీద నడుస్తోందో అడగరు.

నేను వెళ్లింది విహారానికి కాదు. ఒక మాట నన్ను అక్కడిదాకా తరిమింది. 2018 సెప్టెంబరు 28న శబరిమల మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, ఒక సెమినార్లో సాహిత్య విమర్శకుడైన ఓ పెద్దాయన నన్ను చూస్తూ అన్నాడు: "జపాన్లో ఓమినె కొండ ఉందమ్మా. ఆడవాళ్లని రానివ్వరు. అంత అభివృద్ధి చెందిన దేశం. అక్కడి ఆడవాళ్లు కోర్టులకెక్కారా? సంప్రదాయాన్ని గౌరవించడం వాళ్లని చూసి నేర్చుకోవాలి." అప్పుడు నా దగ్గర జవాబు లేదు. డాక్టరేట్ ఉండీ లేదు. అది చాలాకాలం గుచ్చుకుంటూనే ఉంది.

ఇప్పుడు చెప్తాను. ఓమినె అని వాళ్లు పిలిచే ఆ కొండ, సంజోగతాకె, 1719 మీటర్ల ఎత్తు. షుగెందో అనే పర్వత తపస్సు సంప్రదాయానికి మూలస్థానం. దారిలో పెద్ద చెక్క ద్వారం, పక్కన ఆడవాళ్లు ఇక్కడినుంచి ముందుకు వెళ్లరాదని జపాన్ భాషలోనూ ఇంగ్లీషులోనూ పలక. 1872లో మెయిజీ ప్రభుత్వం గుళ్లలో, పుణ్యక్షేత్రాల్లో స్త్రీల నిషేధాన్ని ఎత్తేసింది. మిగతా కొండలు చాలావరకు ఒక్కొక్కటే తలుపులు తెరిచాయి. ఇది తెరవలేదు. పోనీ, తరతరాలుగా చెక్కుచెదరని నియమమా? ఊళ్లోనే ఉన్న ర్యూసెన్‌జి గుడిలోకి 1960 దాకా ఆడవాళ్లకి ప్రవేశం లేదు. ఇప్పుడు ఉంది. నిషేధపు హద్దు 1970 దాకా ఊరికి దగ్గరగా, హహాకోదో అనే చిన్న గుడి దగ్గర ఉండేది. ఆ ఏడాది కొండ మీదికి, వంతెన దగ్గరికి జరిపారు. అంటే దేవుడి హద్దుని మనుషులు కూర్చుని మాట్లాడుకుని జరిపారు. జరిపినా ఆకాశం విరిగి పడలేదు. ఇక "అనాది" అన్న మాటకి అర్థమేముంది?

హహాకోదో అంటే తల్లి గుడి. ఈ సంప్రదాయానికి ఆద్యుడైన ఎన్ నొ గ్యోజా తపస్సుకి వెళ్లిపోతే, కొడుకుని చూడాలని వెంట వచ్చిన తల్లి అక్కడే ఆగిపోయిందని కథ. ఆపింది ప్రమాదం జరుగుతుందనే అట. ప్రేమతోనే అట. ఎంత తెలిసిన కథ!

మొదటి రాత్రి నాకు నెలసరి వచ్చింది. స్నానశాల గోడ మీద, ఆ రోజుల్లో అందరి తొట్టెలోకి దిగొద్దని మర్యాదగా రాసి ఉందని నా స్నేహితురాలు చదివి చెప్పింది. ఆమె క్యోటోలో మధ్యయుగ సాహిత్యం మీద పనిచేస్తోంది. నేను దిగలేదు. పదిమంది కూర్చునే నీళ్లు, అది శుభ్రత. దాని మీద నాకు పేచీ లేదు. కానీ కొండకి తొట్టె నీళ్లలా ఏం మురికి పడుతుంది? జపాన్లో పదిహేనో శతాబ్దం నాటికి ప్రచారంలోకి వచ్చిన రక్తకుండ సూత్రం, బహిష్టు రక్తంతో, పురిటి రక్తంతో నేలనీ నీళ్లనీ మైలపరిచినందుకు ఆడవాళ్లు నెత్తుటి మడుగు నరకంలో పడతారంది. నా స్నేహితురాలు దాని గురించి చెప్తుంటే నేను చీరాల్లో మా ఇంట్లోకి వెళ్లిపోయాను.

2002. నాకు పదమూడేళ్లు. అన్నయ్య అయ్యప్ప మాల వేసుకున్నాడు. నలభై ఒక్క రోజులు అమ్మ తెల్లవారుజామున నాలుగింటికి లేచి తలస్నానం చేసి, తడిజుట్టుతో వాడికి వండేది. కన్నకొడుకుని "స్వామీ, భిక్షకి రండి" అని పిలిచేది. నాకు బహిష్టు రాగానే మేనత్త ఇంటికి పంపేశారు. గుమ్మం దాటుతుంటే అన్నయ్య నా మొహం చూడకుండా "మాత ఎదురొస్తోంది" అన్నాడు. నిన్నటిదాకా జడ పట్టుకు లాగినవాడు. ఆ అయిదు రోజులూ నా పుస్తకాల సంచీ మా ఇంట్లోనే ఉండిపోయింది, అర్ధ సంవత్సరం పరీక్షలు దగ్గరపడుతున్నాయి. ఎవరికీ గుర్తు రాలేదు. నాక్కూడా అడగాలని తోచలేదు, అదీ ఇప్పటికీ కోపం.

అక్కడా ఇక్కడా ఒకటే లెక్క. మగవాడి వైరాగ్యానికి అన్నం వండేది ఆడది. వైరాగ్యం వాడి ఖాతాలోకి పోతుంది, అన్నం ఎవరి ఖాతాలోకీ రాదు. ఆ కొండమీద కొత్తవాళ్లని కొండచరియ అంచున తలకిందులుగా వేలాడదీసి తప్పులు ఒప్పిస్తారు, మంచిగా బతుకుతానని మాట తీసుకుంటారు. సరే. దిగాక? జపాన్ పుణ్యక్షేత్రాల దగ్గర దీక్ష విరమణ పేరుతో మగవాళ్లు వేశ్యావాటికలకి వెళ్లడం పాత అలవాటు. దొరొగవాలోనూ అలాంటి ఇళ్లు ఉండేవని పరిశోధకులు రాశారు. కొండకి పనికిరాని శరీరం కొండ కింద పనికొచ్చిందన్నమాట. పెద్దాయన మెచ్చుకున్న సంప్రదాయంలో ఇదీ భాగమే.

ఇక "అక్కడి ఆడవాళ్లు నోరెత్తారా?" ఎత్తారు. 1999లో కొందరు టీచర్లు ఆ కొండ ఎక్కేశారు. 2004లో యునెస్కో ఈ కొండదారుల్ని ప్రపంచ వారసత్వంగా ప్రకటించే ముందు నిషేధం ఎత్తెయ్యాలని సంతకాలు సేకరించారు. యునెస్కో ఆ ద్వారంతో సహా స్వీకరించింది. 2005లో మరో బృందం ద్వారం దాకా వెళ్లి ప్రశ్నించింది, అందులో ముగ్గురు ముందుకి నడిచారు. వాళ్ల మీద ఎంత దుమ్మెత్తిపోశారో! అవేవీ పెద్దాయన చెవిన పడలేదు. పరాయి దేశపు ఆడవాళ్ల మౌనం అయితేనే మనవాళ్లకి వినబడుతుంది కాబోలు.

"ఆడవాళ్లే వద్దంటుంటే?" అన్నది చివరి అస్త్రం. మనకి శబరిమల తీర్పులో విభేదించిన ఒక్క న్యాయమూర్తీ స్త్రీయే కదా అని గుర్తుచేస్తారు. ఒకామిని నేనూ అడిగాను, స్నేహితురాలి ద్వారా. "ఎప్పుడూ ఎక్కాలనిపించలేదా అండీ?" ఆవిడ నవ్వింది. "అనిపించలేదు. మా అత్తగారూ ఎక్కలేదు. ద్వారం తీసేస్తే ఈ సంఘాలు రావడం మానేస్తాయి. పలకలు దించేసుకుని ఏం తింటాం?" నాకు నోట మాట రాలేదు. దీన్ని భక్తి అని ఎలా అంటాం? వెళ్లకపోవడం మీదే పూట గడుస్తున్నప్పుడు, ఆ మనిషి "వద్దు" అనడాన్ని సమ్మతి కింద రాసుకోవడం మోసం. వద్దనుకునే హక్కు ఆవిడకి ఉంది. కానీ వెళ్లగలిగిన మనిషి వద్దనుకుంటేనే అది ఎంపిక. అయినా వద్దనేవాళ్లు వెళ్లకుండా ఉండటానికి ద్వారం ఎందుకు, పలక ఎందుకు?

మర్నాడు మేం పక్కనున్న ఇనమురగతాకె ఎక్కాం. దానికి ఆడవాళ్ల ఓమినె అని పేరు. తమాషా ఏమిటంటే అది నిషేధపు కొండ కంటే ఓ ఏడు మీటర్లు ఎత్తు. ఒకామి చీకట్నే లేచి అన్నం ముద్దలు చేసి ఆకులో చుట్టి ఇచ్చింది. మగవాళ్ల మూటలు అప్పటికే కట్టి పక్కన పెట్టి ఉన్నాయి.

సాయంత్రం కాళ్లు పీకుతూ దిగి వచ్చి వసారాలో కూలబడ్డాం. ఆవిడ టీ తెచ్చి నా పక్కనే కూర్చుంది, ఈసారి మోకాళ్ల మీద కాదు, కాళ్లు వేలాడేసుకుని. వీధిలో ఎవరూ లేరు. మెల్లిగా ఏదో అడిగింది. నా స్నేహితురాలు వెంటనే తర్జుమా చెయ్యలేదు, కాసేపు ఆవిడ మొహంలోకి చూసింది.

"అక్కణ్ణించి ఆ కొండ కనబడిందా, మబ్బు పట్టిందా అని అడుగుతున్నారు."