ఒకే బండి, రెండు ప్రయాణాలు

క్రిందటి నెల ఈ శీర్షికలో ఊరగాయలు, రక్తపోటు గురించి వ్రాస్తే, “డాక్టరుగారూ, నోటికాడి ముద్ద లాగేశారు” అని కొందరు ఫోన్లు చేశారు. అందుకని ఈ నెల తిండి జోలికి పోను. కార్ల గురించి వ్రాస్తాను. అయితే మీరు అనుకునే కార్లు కావు. పాతకాలపు అమెరికన్ అంబులెన్సులు, శవవాహనాలు. “రామ రామ! ఇదేం విషయమండీ” అని పేజీ తిప్పేయకండి. శవం ఎదురొస్తే మంచి శకునమని మన పెద్దవాళ్ళే అన్నారు గదా!

ఈ బండ్లను కొని, తుప్పు వదిలించి, రంగులు వేయించి, కన్నబిడ్డల్లా చూసుకునే వాళ్ళు ఈ దేశంలో చాలామంది ఉన్నారు. వాళ్ళకొక సంఘం కూడా ఉంది. పేరు ప్రొఫెషనల్ కార్ సొసైటీ, పుట్టింది 1976లో. శవవాహనాలు, అంబులెన్సులు, శవయాత్రలో పూలు మోసే బండ్లు, బంధువులు కూర్చునే లిమోసిన్లు, వీటన్నిటినీ కలిపి “ప్రొఫెషనల్ కార్లు” అంటారు. మనం సంఘం పెట్టి సంక్రాంతికి కలుసుకున్నట్టే, వాళ్ళు ఏటేటా తమ బండ్లు తోలుకొని వచ్చి ఒకచోట కలుస్తారు.

ఇంతకీ అందులో అంత అందం ఏముంది? ఈ బండ్లు కార్ఖానాలో వేలకు వేలు పోతపోసినట్టు వచ్చినవి కావు. కాడిలాక్ కంపెనీ ఇంజను, చక్రాలు, ముందు భాగం ఉన్న పొడుగాటి చట్రాన్ని మాత్రం తయారుచేసి పంపేది. వెనుక భాగం కట్టేది వేరే పనివాళ్ళు. ఒహాయో రాష్ట్రం ఈ విద్యకు పుట్టినిల్లు లాంటిది. లైమా ఊళ్ళో సుపీరియర్, పికువాలో మిల్లర్-మీటియర్, సిన్సినాటి దగ్గర హెస్ అండ్ ఐసెన్‌హార్ట్, బ్యూయిక్ చట్రం మీద కట్టే ఫ్లెక్సిబుల్ కంపెనీ లౌడన్‌విల్‌లో. ఇల్లినాయిలోని ఫ్రీపోర్ట్‌లో హెన్నీ వారు ప్యాకార్డ్ చట్రం మీద కట్టేవారు. 1959 కాడిలాక్ చట్రంలో ముందు చక్రానికీ వెనుక చక్రానికీ మధ్య దూరమే 156 అంగుళాలు, అంటే 13 అడుగులు! వెనుక రెండు రెక్కలు, వాటిలో ఎర్ర దీపాలు. మీ పిల్లలనడగండి, “ఘోస్ట్‌బస్టర్స్” కారు అంటారు. 1984లో వచ్చిన ఆ సినిమాలోది 1959 కాడిలాక్ చట్రం మీద మిల్లర్-మీటియర్ వారు కట్టిన బండే.

శవవాహనాల ప్రక్కన ‘ఎస్’ అక్షరం ఆకారంలో మెరిసే కమ్మీ ఒకటి ఉంటుంది, గమనించారా? అది గుర్రపు బగ్గీల మీద టాపు మడవడానికి ఉండే ఇనుప కమ్మీకి ఆనవాలు. గుర్రాలు పోయాయి, మడిచే టాపు పోయింది, కమ్మీ మాత్రం అలంకారంగా మిగిలింది. మన పెళ్ళిళ్ళలో అర్థం తెలియకుండా మిగిలిపోయిన ఆచారాలు లేవూ, అలాగే.

డాక్టరుగా నన్ను ఆపి నిలబెట్టింది మాత్రం “కాంబినేషన్” అనే రకం. పొద్దున అంబులెన్సు, సాయంత్రం శవవాహనం, రెండూ ఒకే బండి. నేల మీద శవపేటిక జరగడానికి చిన్న రోలర్లు ఉంటాయి. వాటిని తిరగేస్తే చదునైన నేల, స్ట్రెచరు పెట్టుకోవచ్చు. పైన ఎర్ర దీపం తగిలించుకోవచ్చు, తీసేయవచ్చు. రోగి ప్రక్కన కూర్చునే మనిషికి మడత కుర్చీ. ఒహాయోలో ఒక పాత కార్ల ప్రదర్శనలో ఇలాంటి బండి లోపల కూర్చొని చూశాను. ఇక దానిలో చెక్క పని, తెరలు, మెత్తలు, మన జమీందారీ పల్లకీలు దాని ముందు దిగదుడుపే.

ఇలా ఎందుకు చేశారంటే కారణం చాలా సులువు. పడుకున్న మనిషిని పడుకున్నట్టే తీసుకుపోగల పొడుగాటి బండి చిన్న ఊళ్ళో ఫ్యూనరల్ హోమ్ దగ్గరే ఉండేది. కాబట్టి యాక్సిడెంటు అయినా, గుండెపోటు వచ్చినా వాళ్ళకే ఫోను. మన ఊళ్ళలో మాత్రం? రోగిని పట్నం తీసుకుపోవడానికి మంచమే నలుగురూ ఎత్తేవారు. విశాఖ మన్యంలో ఇప్పటికీ గర్భిణీ స్త్రీలను డోలీ కట్టి మోస్తున్నారు. మోయగలిగింది ఏది ఉంటే అదే వాహనం. ఎక్కడైనా అంతే.

1966లో నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ వారు ప్రమాద మరణాల మీద ఒక నివేదిక వేశారు. ఎమర్జెన్సీ వైద్యం చేసేవాళ్ళకు అది పెద్దబాలశిక్ష లాంటిది. 1965లో ఈ దేశంలో ప్రమాదాల వల్ల 1,07,000 మంది చనిపోయారని, అంబులెన్సు సేవల్లో దాదాపు సగం 12,000 మంది అంత్యక్రియల వ్యాపారులే నడుపుతున్నారని అందులో ఉంది. కొరియా, వియత్నాం నుంచి తిరిగివచ్చిన నిపుణులైతే, పెద్ద గాయం తగిలితే మామూలు నగర వీధిలో కన్నా యుద్ధభూమిలోనే బ్రతికే అవకాశం ఎక్కువ అన్నారట!

తప్పు ఆ వ్యాపారుల దుర్బుద్ధిది అనుకోకూడదు. అర్ధరాత్రి మంచులో పక్క మీద నుంచి లేచి వచ్చింది వాళ్ళే, ఇంకెవరూ రాలేదు. వైద్యం మారింది, బండి మారలేదు, అదీ ఇబ్బంది. 1950ల చివర్లో డాక్టర్ పీటర్ సఫార్ నోటి ద్వారా ఊపిరి అందించే పద్ధతిని నిరూపించారు. ఛాతీ మీద నొక్కి గుండెను ఆడించవచ్చని 1960లో జాన్స్ హాప్‌కిన్స్ వైద్యులు ప్రకటించారు. అప్పటిదాకా అంబులెన్సు పని రోగిని వేగంగా చేర్చడమే. ఆ తరువాత దారిలోనే వైద్యం చేయాల్సి వచ్చింది. మరి ఈ అందమైన కాడిలాక్‌లో కప్పు తలకు తగులుతుంది, మోకాళ్ళ మీద కూర్చొని ఛాతీ నొక్కడానికి చోటు లేదు. నేను లోపల కూర్చొని చేతులు చాచి చూసుకున్నాను. ఆ పట్టు తెరల మధ్య నా చేతులకు చేతనైన పని ఏదీ జరగదు.

పిట్స్‌బర్గ్‌లో అదే సఫార్‌గారి శిక్షణతో 1967లో ఫ్రీడమ్ హౌస్ అంబులెన్సు మొదలైంది. హిల్ డిస్ట్రిక్ట్‌లోని నల్లజాతి యువకులు, పనిలేని వాళ్ళని లోకం ప్రక్కకు నెట్టినవాళ్ళు, దేశంలో మొదటి పారామెడిక్కులలో నిలిచారు. 1975లో నగరం తన సొంత సేవ పెట్టి దాన్ని మూసేసింది. ఈలోగా 1973లో ఎమర్జెన్సీ వైద్యానికి చట్టం, 1974లో అంబులెన్సు ఎలా ఉండాలో ఫెడరల్ నియమాలు వచ్చాయి. ఎత్తయిన వ్యానులు, పెట్టెబండ్లు వచ్చాయి. 1970ల చివరికి కాడిలాక్ అంబులెన్సుల కథ ముగిసింది. మన హైదరాబాదులో 2005 ఆగస్టు 15న 108 మొదలైనప్పుడు వచ్చినవి ఆ ఎత్తయిన బండ్ల సంతానమే.

అయితే పనికిరానిదాన్ని ఎందుకు దాచుకోవాలి అంటారా? పాత సేకర్తల్లో ఫ్యూనరల్ హోమ్ వాళ్ళు, అంబులెన్సు నడిపినవాళ్ళు, ఫైర్‌మెన్ ఎందరో. గుద్దుకునే పందాలలో నుజ్జయిపోయిన బండ్లు పోగా మిగిలినవాటిని వాళ్ళు కాపాడకపోతే, ఆ కప్పు ఎంత తక్కువో నేను పుస్తకంలో చదివి ఊరుకునేవాణ్ణి. మనం ఎక్కడినుంచి ఎక్కడికి వచ్చామో ఆ బండిలో కూర్చుంటేనే ఒంటికి తెలుస్తుంది. అందుకు వాళ్ళకు నేను రుణపడి ఉన్నాను.

ఇంకొక మాట. మన పెద్దవాళ్ళు ఆరు నెలలు ఉండడానికి ఈ దేశం వస్తారు. మోయడానికి నలుగురు కావాలంటారు మనవాళ్ళు. ఇక్కడ ఆ నలుగురి పనీ కాడిలాకే చేస్తుంది. మన సంఘంలో అలాంటి కబురు వచ్చిన రాత్రి, దహనానికి ముందు కుటుంబమంతా వచ్చి మంత్రం చెప్పుకోవడానికి సమయం కావాలని అడిగితే, పద్ధతి తెలియకపోయినా చెప్పులు విడిచి ప్రక్కన నిలబడ్డ ఫ్యూనరల్ హోమ్ మనిషిని నేను చూశాను. మొదటి బండి పిలిచినప్పుడు రెండో బండి అవసరం రాకూడదని మన ప్రార్థన. దానికి మన వంతు కొంత ఉంది.

మీ అమ్మగారికి, నాన్నగారికి 911 ఎలా తిప్పాలో నేర్పండి. ఇంగ్లీషు రాకపోయినా “తెలుగు” అన్న ఒక్క మాట చెప్పి ఫోను పెట్టేయకుండా ఉండమనండి. ఇంటి చిరునామా పెద్ద అక్షరాలతో ఫ్రిజ్ మీద అంటించండి. ఛాతీ నొక్కడం మీరూ, హైస్కూలు పిల్లలూ నేర్చుకోండి. ఒక పూట పని. బండి ఎంత ఎత్తయినదైనా వచ్చేదాకా ఆ నాలుగైదు నిముషాలు ఇంట్లో ఉన్న చేతులవే. పది కుటుంబాలు పేర్లిస్తే మన హాలులోనే ఒక శనివారం నేర్పుతాను. కాఫీ, పకోడీ మీరు చూసుకోండి. ఆ రోజుకు రక్తపోటు మాట ఎత్తను.