రిసీవరు వచ్చాడు, తగవు తీరలేదు

రిసీవరు అనగానే టెలిఫోను గుర్తుకు వచ్చేవారు అదృష్టవంతులు. కోర్టుమెట్లు ఎక్కినవారికి ఆ మాట వేరే విధంగా వినిపిస్తుంది. అర్జీ పెట్టినవాడు సగం దావా గెలిచాననుకుంటాడు. ఎదుటివాడు సర్వం పోయిందనుకుంటాడు. ఇద్దరిదీ తొందరపాటే. రిసీవరు ఒకరిని గెలిపించడానికీ రాడు, మరొకరిని ఓడించడానికీ రాడు. దావా తేలేలోపల ఆస్తి కరిగిపోకుండా కాపాడడానికి వస్తాడు.

మహానంది కోనేరు చూసినవారికి ఈ సంగతి తేలికగా బోధపడుతుంది. ఊట వస్తూనే వుంటుంది, నీరు దిగువనున్న అరటితోటలకు పోతూనే వుంటుంది; కోనేటిలో మట్టం మాత్రం మారదు. రావలసినది రానిచ్చి, పోవలసినది పోనిచ్చి, మట్టం నిలపడమే రిసీవరు పని కూడాను.

ఒక ఉదాహరణ చెప్పుకుందాం. నంద్యాల వైపు ఒక నూనెమిల్లు వుందనుకోండి. అది ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ. మొత్తం వాటాలు 1000. తండ్రివి 600, పెద్దకొడుకువి 200, చిన్నకొడుకువి 200. తండ్రి పోయాడు. వారసులు ఆ ఇద్దరే. ‘నాన్న తన 600 నా పేర రాశాడు’ అని అన్న ఒక కాగితం చూపించాడు. ‘ఆ సంతకం నాన్నది కాదు’ అన్నాడు తమ్ముడు. అన్న మాట నిజమైతే అతనివి 800. తమ్ముడి మాట నిజమైతే చెరి 500. ఈలోగా వేరుసెనగ పంట మిల్లుకు వచ్చింది. రైతులకు డబ్బివ్వాలి, కూలీలకు జీతాలివ్వాలి. చెక్కుమీద సంతకం ఎవరు పెట్టాలి? తమ్ముడు పరుగున వెళ్ళి రిసీవరును వేయమన్నాడు.

వేస్తారా? 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడు, 40వ ఆర్డరు ప్రకారం, న్యాయమూ అనుకూలమూ అని తోస్తే కోర్టువారు వేయవచ్చు. ‘వేయవచ్చు’ అన్నారే కాని ‘వేయాలి’ అనలేదు. కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధానిగా వున్న రోజుల్లోనే మద్రాసు హైకోర్టువారు కృష్ణస్వామి చెట్టి కేసులో దీనికి ఐదు సూత్రాలు చెప్పారు. ఆ తీర్పు 1955 నాటి లా రిపోర్టులలో వున్నది. వకీళ్ళు నేటికీ దానినే ఉదహరిస్తారు. రిసీవరును వేయడం కోర్టు విచక్షణ. అర్జీదారుకు గెలిచే అవకాశం బాగా కనపడాలి. ఆస్తికి తక్షణ ప్రమాదం వుందని చూపాలి. ఉత్త తగాదా వున్నంత మాత్రాన చాలదు. అనుభవంలో వున్నవాడిని ఊరికే దింపరాదు. అడిగేవాడి చేతులు శుభ్రంగా వుండాలి, ఆలస్యం చేసి వుండరాదు. చట్టంలోని అతి కఠినమైన మందులలో ఇదొకటని వారి హెచ్చరిక.

వచ్చిన రిసీవరు కూడా స్వతంత్రుడు కాడు. కోర్టు అడిగిన జామీను ఇవ్వాలి, జమాఖర్చులు దాఖలు చేయాలి. బుద్ధిపూర్వకంగానో ఘోరమైన అశ్రద్ధతోనో నష్టం తెస్తే తానే భరించాలి. అతని ప్రతిఫలాన్ని కోర్టు నిర్ణయిస్తుంది. నియామకంమీద అప్పీలుకూ అవకాశం వుంది.

అసలు చిక్కు ఇక్కడే వుంది. తమ్ముడు రిసీవరును తెచ్చింది 600 వాటాలకు. మిల్లు తాళంచెవులు అందులో రావు! వాటాదారు వేరు, కంపెనీ ఆస్తి వేరు. టీకంపెనీలలో వాటాలున్న బాచా గజ్దర్ అనే ఆమె, తన డివిడెండులో కొంత భాగం వ్యవసాయాదాయమేనని పన్ను మినహాయింపు కోరింది. వాటా వున్నంతలో తోట నీదై పోదని 1954లో సుప్రీంకోర్టు చెప్పింది.

పోనీ, 600 ఓట్లైనా రిసీవరు వేస్తాడా? స్వదేశీ పాలిటెక్స్ కేసులో 1985లో సుప్రీంకోర్టు దీనికీ జవాబిచ్చింది. వాటాలకు రిసీవరు వచ్చినంత మాత్రాన సభ్యుడి ఓటు పోదు. కంపెనీ రిజిష్టరులో ఎవరి పేరుందో ఓటు వారిదే. మన అన్నగారు ఈసరికే ఆ 600 తన పేర ఎక్కించుకుని వుంటే, రిసీవరు కాగితాలు పట్టుకుని కూర్చుంటాడు, అన్న చెయ్యెత్తి తీర్మానాలు చేస్తాడు. కనుక ఓటు సంగతికూడా ఉత్తరువులో స్పష్టంగా అడగాలి.

మిల్లు నడకే బాధ అయితే దారి వేరు. 2013 కంపెనీల చట్టం కింద, పదోవంతు వాటా వున్నవాడు అణచివేత, దుర్నిర్వహణలమీద కంపెనీ లా ట్రిబ్యునల్‌కు వెళ్ళవచ్చు. మన తమ్ముడికి సొంతంగా ఐదోవంతు వుంది. మధ్యంతర ఉత్తరువులు అక్కడా దొరుకుతాయి. 2009 జనవరిలో హైదరాబాదు సత్యం కంపెనీ లెక్కల దొంగతనం బయటపడినప్పుడు, అప్పటి కంపెనీ లా బోర్డు పాత డైరెక్టర్లను పక్కన పెట్టి, కేంద్రప్రభుత్వం కొత్తవారిని నియమించడానికి అనుమతించింది. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా ముందుకొచ్చేదాకా కంపెనీ ఊపిరి ఆగలేదు. అక్కడ కాపాడింది ఫలానావారి పక్షాన్ని కాదు, పనిని, జీతాలను.

తండ్రులకు ఒక మాట. వాటాలు ఎవరికివ్వదలచారో బతికుండగానే తేల్చి, సభ్యుల రిజిష్టరు సరిచేయించండి. బిడ్డలకు ఒక మాట. కోర్టుకు వెళ్ళేముందు ఆ రిజిష్టరు తెరిచి చూడండి. పిట్టపోరు పిల్లి తీర్చిందంటారు. రిసీవరు పిల్లి కాడు, నిజమే. కాని మీ తగవు సాగినన్నాళ్ళు అతని ఖర్చు మీ మిల్లు నూనెలోంచే రావాలి. అప్పటిదాకా పంట తోలిన రైతు మాత్రం గేటు ముందు నిలబడే వుంటాడు.