చలి దేశంలో హైబ్రిడ్ కారు

మన సభ్యుల్లో పిల్లలు అమెరికాలోనో కెనడాలోనో స్థిరపడినవారు చాలామందే ఉన్నారు. పురుళ్లకనో, మనవలను చూడాలనో మనమూ వెళ్లి నాలుగైదు నెలలు ఉండి వస్తుంటాం. అక్కడ పిల్లలు పెట్రోలు కలిసివస్తుందని హైబ్రిడ్ కార్లు కొంటున్నారు. బెంగుళూరు చలికి ఒక స్వెట్టరు చాలు. విన్నిపెగ్, మినియాపొలిస్ వంటి ఊళ్లలో జనవరి రాత్రి సున్నాకు 20 డిగ్రీల కిందికి దిగడం మామూలే. అలాంటి చోట మనిషితో పాటు ఇంజనుకూ ఏర్పాట్లు కావాలి.

హైబ్రిడ్ కారులో పెట్రోలు ఇంజను, విద్యుత్తు మోటారు రెండూ ఉంటాయి. అవసరం లేనప్పుడు ఇంజను తనంతట తానే ఆగిపోతుంది. ఆదాకు అదొక ముఖ్య కారణం. చలిలో ఇంజను వేడెక్కాలి, లోపలివారికి వెచ్చదనం కావాలి, అందుచేత ఆగవలసిన ఇంజను నడుస్తూనే ఉంటుంది. అమెరికా ఇంధన శాఖ అంచనా ప్రకారం సున్నాకు 7 డిగ్రీల దిగువన, ఊళ్లో తిరిగేటప్పుడు, మామూలు కారు మైలేజీ సుమారు 15 శాతం తగ్గుతుంది. హైబ్రిడ్‌కు అది 30 శాతం దాటవచ్చు. ఎక్కువ వడ్డీ వచ్చే డిపాజిట్టును గడువుకు ముందే తీసుకున్నట్టు!

దీనికి ఉపాయం బ్లాక్ హీటరు. ఇంజనుకు అమర్చి, ఇంటి కరెంటుతో వెచ్చబరిచే సాధనం. సుమారు 400 వాట్లది 3 గంటలు పెడితే 1.2 యూనిట్లు. రాత్రంతా 10 గంటలు ఉంచితే 4 యూనిట్లు, అదనపు ప్రయోజనం మాత్రం తక్కువ. కాబట్టి టైమరు పెట్టి, బయలుదేరడానికి రెండు మూడు గంటల ముందు వెలిగేలా చూసుకోవాలి.

చలికాలం రాకముందే మరి మూడు పనులు చేయించాలి. కారు పుస్తకంలో చెప్పిన పలుచని ఆయిలే పోయించాలి. కూలెంటులో ఉత్త నీళ్లు కలపకూడదు. గడ్డకట్టి వ్యాకోచిస్తే ఇంజను పగులుతుంది. చిన్న 12 వోల్టుల బ్యాటరీని పరీక్ష చేయించాలి. అది నీరసిస్తే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా కారు కదలదు.

ఇక అసలు మాట. కారును గరాజులో ఉంచి, ఇంజను నడిపి వేడిచేయడం ప్రాణాంతకం. అక్కడ గరాజు చాలా ఇళ్లకు ఆనుకునే ఉంటుంది. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. తలుపు సందుల్లోంచి పడకగదికి చేరుతుంది. గరాజు తలుపు తెరిచి ఉంచినా చాలదు. పైగా బ్యాటరీ మీద ఉన్నప్పుడు హైబ్రిడ్ చప్పుడు చేయదు. ఆగిందనుకుని ఇంట్లోకి వెళితే, చార్జి తగ్గగానే ఇంజను దానంతట అదే మొదలవుతుంది. బటను నొక్కి ఆపామా లేదా అన్నది ప్రతిసారీ చూసుకోవలసిందే. ఆరుబయట ఉన్న కారుకైనా పొగగొట్టం చుట్టూ పేరుకున్న మంచును తీశాకే ఇంజను వేయాలి.

ఈసారి పిల్లలకు ఫోను చేసినప్పుడు “భోంచేశారా” అని అడిగాక, “ఇంట్లో కార్బన్ మోనాక్సైడు అలారం ఉందా, పనిచేస్తోందా” అని కూడా అడగండి.