పాఠము ప్రతి ఇంటికి చేరవలెను

2021 జూన్ మాసమున జంషెడ్‌పూర్ నగరమున జరిగిన ఒక సంఘటన దేశములోని పత్రికల కెక్కినది. అయిదవ తరగతి చదువుచున్న పదునొకండేండ్ల బాలిక రోడ్డు ప్రక్కన కూర్చుండి మామిడిపండ్లు అమ్ముచుండెను. కోవిడ్ కారణమున బడి మూతపడినది. పాఠములు ఫోనులో చెప్పుచున్నారు. ఆమె ఇంట స్మార్ట్‌ఫోను లేదు. దానిని కొనుటకు డబ్బు కూడబెట్టవలెనని ఆ పసిది పండ్ల బుట్టతో వీధిలోనికి వచ్చినది. ఈ వార్త తెలిసిన ముంబయి వ్యాపారి ఒకరు పండు ఒక్కంటికి 10,000 రూపాయల చొప్పున 12 పండ్లు కొని, 1,20,000 రూపాయలు ఆ కుటుంబమునకు పంపిరి.

ఆ దాత మంచితనమును మేము తక్కువ చేయుట లేదు. కాని పత్రికల వారి కంట బడని పిల్లల మాట ఏమి? 2010 ఏప్రిల్ 1 నుండి ఆరు మొదలు పదునాలుగేండ్ల వరకు గల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్య చట్టబద్ధమైన హక్కుగా అమలులోనున్నది. హక్కు అనిన పిదప అది మామిడిపండ్ల ధరపైన గాని, దాతల దయపైన గాని ఆధారపడరాదు. ఆ బాలిక తప్పు ఏమియు లేదు. ఆమె ఇంటిలో ఏమున్నది, ఏమి లేదు అని విచారింపకయే పాఠము చేరవేయు మార్గమును ఎంచుకొనిన పెద్దలదే ఆ తప్పు.

బడులు మరల తెరచిరి గదా, ఈ పాత ప్రస్తావన ఎందుకని కొందరు అడుగవచ్చును. బడులు తెరచినను ఆన్‌లైన్ వేదికలు మాత్రము వెనుకకు పోలేదు. హాజరు, ఫీజు, హోంవర్కు, పరీక్ష, ప్రోగ్రెస్ రిపోర్టు, అన్నియు నేడు అనేక పాఠశాలలలో ఏదో ఒక యాప్ ద్వారా నడచుచున్నవి. బాగ్‌బేడా, జుగ్‌సలాయి, కద్మా, గోల్మురీ ప్రాంతములలో నివసించు మన సోదర కార్మికులు డ్యూటీ దిగి ఇంటికి వచ్చి, పిల్లవాని పాఠము కొరకు తమ ఫోనును అప్పగించుట నిత్యకృత్యమైనది. మనము కూడ విద్యార్థులమే. 2022 జూన్‌లో తపాలా శాఖ 'డాక్ కర్మయోగి' అను శిక్షణా పోర్టలును ప్రారంభించి, గ్రామీణ డాక్ సేవకులతో సహా సుమారు 4 లక్షల మంది సిబ్బందిని దాని పరిధిలోనికి తెచ్చినది. కావున ఏ వేదికను ఎంచుకొనవలెను, ఎవరు ఎంచుకొనవలెను అను ప్రశ్న ఉపాధ్యాయులది మాత్రమే కాదు. అది మనది కూడ.

జార్ఖండ్‌లో ప్రాథమిక పాఠశాలలు 2020 మార్చి నుండి దాదాపు రెండు సంవత్సరములు మూతపడియుండెను. ఇంత దీర్ఘకాలము పసిపిల్లల బడులు మూసిన ప్రాంతములు ప్రపంచములోనే కొద్ది. ప్రభుత్వము ఊరకుండినదని మేము అనము. 'డిజిసాథ్' అను కార్యక్రమము క్రింద వాట్సాప్ గ్రూపుల ద్వారా పాఠములు పంపిరి. కాని పంపుట వేరు, చేరుట వేరు. జాబును పెట్టెలో వేసినంత మాత్రమున బట్వాడా అయినట్లు కాదని తపాలా ఉద్యోగికి వేరుగ చెప్పవలెనా? 2017-18 నాటి జాతీయ నమూనా సర్వే లెక్కల ప్రకారము ఇంటర్నెట్ సౌకర్యము గల కుటుంబములు పట్టణములలో నూటికి 42, పల్లెలలో సుమారు 15 మాత్రమే. కంప్యూటరు గల కుటుంబములు పల్లెలలో నూటికి అయిదు కూడ లేవు. 2021 ఆగస్టులో ఆర్థికవేత్త జ్యాఁ ద్రేజ్ మొదలగువారు 15 రాష్ట్రములు, కేంద్రపాలిత ప్రాంతములలో సుమారు 1,400 మంది పేద పిల్లల ఇండ్లలో విచారించిరి. పల్లెలలో క్రమముగా ఆన్‌లైన్‌లో చదువుచున్నవారు నూటికి 8 మంది. అసలే చదువనివారు నూటికి 37 మంది.

ఇదే కాలమున, ఇదే రాష్ట్రమున, దుమ్కా జిల్లాలోని ఒక ఊరి ఉపాధ్యాయులు మరియొక మార్గము త్రొక్కిరి. ఇండ్ల మట్టిగోడలపై నల్లబల్లలు పూసి, పిల్లలను ఎడమెడముగా తమ తమ గోడల ముందు కూర్చుండబెట్టి, మైకులో పాఠము చెప్పిరి. ఇందు గొప్ప సాంకేతికత ఏమియు లేదు. కాని పాఠము చేరినది. పిల్లవాని ఇల్లు చూచి సాధనమును ఎంచుకొనుటకు, సాధనమును కొని తరువాత పిల్లవానిని వెదకుటకు గల భేదము ఇదియే.

సాంకేతికతను మేము వ్యతిరేకించుచున్నామని ఎవరును భావింపరాదు. అది మన చేతిలో ఉన్నప్పుడు ఎంత మేలు చేయునో మనమే చూచితిమి. 2016 నుండి రైల్వే స్టేషనులలో ఏర్పడిన ఉచిత వైఫై సాయముతో ఎర్నాకుళం స్టేషనులోని ఒక కూలీ మూటలు మోయుచునే చెవిలో పాఠములు విని, 2018లో కేరళ పబ్లిక్ సర్వీస్ కమిషన్ వ్రాతపరీక్షలో ఉత్తీర్ణుడయ్యెను. ఆ పథకములో భాగస్వామియైన గూగుల్ 2020లో వైదొలగినను, రైల్వేల స్వంత సంస్థయైన రైల్‌టెల్ ఆ సౌకర్యమును కొనసాగించినది. ప్రజల ఆస్తిగా వేసిన తీగ నిలిచినది. ఈ పాఠము మరువదగినది కాదు.

జంషెడ్‌పూర్ తెలుగువారికి ఈ విషయమున మరియొక ఆశయు కలదు. 1907లో టాటా ఉక్కు సంస్థ ఏర్పడిన పిమ్మట శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతముల నుండి మన పెద్దలు ఇచ్చటికి వలస వచ్చిరి. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపునకు పోయినవారి వలెనే వీరును పనిని, భాషను రెంటిని వెంట తెచ్చుకొనిరి. నేడు వారి మనుమలు అధిక భాగము హిందీలోనో ఇంగ్లీషులోనో చదువుచున్నారు. ఇంట తెలుగు పలుకుదురు గాని చదువలేరు. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు సౌకర్యములు కల్పింపవలెనని రాజ్యాంగము 350-ఎ అధికరణము చెప్పుచున్నది. 2017 సెప్టెంబరు 5న నాటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడుగారు ప్రారంభించిన 'దీక్ష' వేదికలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పాఠ్యాంశములు తెలుగులో లభించుచున్నవి. టాటానగర్ రైల్వే కాలనీలోని పిల్లవాడు తెలుగు వాచకమును పైసా ఖర్చు లేక తెరచి చదువుకొనవచ్చును. వాల్తేరు నుండి చక్రధర్‌పూర్ డివిజనుకు బదిలీయైన ఉద్యోగి బిడ్డకు ఇది సామాన్యమైన మేలు కాదు.

అయినను ప్రభుత్వ వేదిక అయినంత మాత్రమున కన్నులు మూసుకొనరాదు. దీక్షలోని సుమారు 6 లక్షల మంది విద్యార్థుల, 10 లక్షలకు పైగా ఉపాధ్యాయుల వివరములు కాపలా లేని సర్వరులో బహిరంగముగా పడియున్నవని 2023 జనవరిలో వెల్లడియైనది. ప్రైవేటు వేదికల స్థితి ఇంతకంటె మేలు కాదు. 49 దేశములలో 160కి పైగా విద్యా వేదికలను పరిశీలించిన హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ, నూటికి 89 వేదికలు పిల్లల హక్కులకు భంగకరమైన రీతిలో వారి సమాచారమును వాడుచున్నట్లు 2022లో ప్రకటించినది. ఇక నిలకడ సంగతి. 2022లో 2,200 కోట్ల డాలర్ల విలువ గలదని చాటుకొనిన బైజూస్ సంస్థ 2024 జూలైలో దివాలా విచారణకు గురియైనది. అంతకు ముందు 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఎనిమిదవ తరగతి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు పంచిన సుమారు 5 లక్షల ట్యాబ్లెట్లలో ఆ సంస్థ పాఠములే ఉండెను. కంపెనీ కూలిన పిల్లల చదువు ఏమగునని ముందుగనే అడుగువారు ఉండవలెను గదా!

కావున పాఠశాల యాజమాన్యము క్రొత్త వేదికను తెచ్చినప్పుడు తల్లిదండ్రులుగా మనము అడుగవలసిన ప్రశ్నలు ఇవి.

మొదటిది: తక్కువ ధర ఫోనులో, నెట్‌వర్క్ లేని వేళ, ముందుగా దించుకొనిన పాఠముతో ఇది పనిచేయునా? ఫోను లేని పిల్లవానికి కాగితముపై ఇదే పాఠమును ఇచ్చు ఏర్పాటు కలదా?

రెండవది: ఏ భాషలో ఉన్నది? తరగతిలోని పిల్లల ఇంటి భాషలలో, అనగా హిందీ, బెంగాలీ, ఒడియా, సంతాలీ, హో, తెలుగులలో, ఉపాధ్యాయుడు స్వయముగా పాఠము చేర్చుటకు వీలున్నదా?

మూడవది: పిల్లల పేర్లు, ఫోటోలు, మార్కులు, ఫోను నెంబర్లు ఎవరి వద్ద ఉండును? పదునెనిమిదేండ్ల లోపువారి సమాచారమునకు తల్లిదండ్రుల సమ్మతి కావలెనని 2023లో చేసిన చట్టము చెప్పుచున్నది. ఆ సమ్మతిని అర్థమగు భాషలో అడిగిరా, లేక ఒక గడిలో టిక్కు పెట్టించి సరిపుచ్చిరా?

నాలుగవది: మొదటి సంవత్సరము ఉచితము సరే, రెండవ సంవత్సరము ఎంత? ఆ భారము ఫీజులో కలియునా?

అయిదవది: రేపు ఈ వేదికను విడువదలచిన, ఉపాధ్యాయులు వ్రాసిన పాఠములను, పిల్లల రికార్డులను వెంట తీసికొనిపోవచ్చునా? తలుపు లోనికి మాత్రమే తెరచుకొను ఇల్లు ఇల్లు కాదు, బంధిఖానా.

ఆరవది: దీని వలన ఉపాధ్యాయుని పని తగ్గునా, పెరుగునా? రిజిస్టరులో ఒకసారి, యాప్‌లో ఒకసారి, వాట్సాప్‌లో ఒకసారి ఒకే వివరమును నింపు ఉపాధ్యాయుడు పిల్లల ముఖము చూచుటెప్పుడు? మన కార్యాలయములలో క్రొత్త సాఫ్ట్‌వేరు వచ్చినప్పుడు పాత లెడ్జరు కూడ కొనసాగి, పని రెండింతలైన అనుభవము మనకు లేనిది కాదు.

ఈ ప్రశ్నలకు తృప్తికరమైన సమాధానము కావలెనన్న కోట్లు వెచ్చింప నక్కరలేదు. 2002లో వెలువడిన 'మూడుల్' వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును ఏ పాఠశాలయైనను లైసెన్సు రుసుము లేక వాడుకొనవచ్చును, మార్చుకొనవచ్చును. కేరళ ప్రభుత్వ పాఠశాలలు కంప్యూటరు విద్యను స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుపై నడుపుచున్నవి. అయితే దానిని చూచుకొను మనిషి కావలెను, అతనికి జీతము ఈయవలెను. ఈ ఖర్చును దాచి 'అంతయు ఉచితము' అనుట కూడ మోసమే.

పాఠశాల వెబ్‌సైటు విషయమున ఒక్క మాట. దానిని ప్రకటనల బోర్డుగా భావింపరాదు. సి.బి.ఎస్.ఇ. అనుబంధ పాఠశాలలు తమ ఫీజుల, ఉపాధ్యాయుల, వసతుల వివరములను వెబ్‌సైటులో బహిరంగముగా ఉంచవలెనను నియమము కలదు. నవ్వుచున్న పిల్లల ఫోటోలు పది ఉండి ఈ వివరము లేనిచో, ఆ వెబ్‌సైటు దేనికొరకో తెలిసికొనుట కష్టము కాదు.

ఒకనాడు దూరవిద్య మన చేతుల మీదుగనే నడచినది. 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయము కరస్పాండెన్సు కోర్సులను ప్రారంభించినది. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము వెలసినది. ఆ పాఠముల కట్టలను రైలు మోసినది, ఆర్.ఎం.ఎస్. సోదరుడు రాత్రివేళ నడచు బండిలో విడదీసినాడు, పోస్టుమాను ఇంటికి తెచ్చి యిచ్చినాడు. నీ వద్ద ఏ పరికరమున్నదని అతడు ఎవరిని అడుగలేదు. చిరునామా ఉన్న చాలును, పాఠము చేరినది. నేటి వేదికను కూడ మనము ఆ కొలబద్దతోనే కొలువవలెను.

కావున శాఖా సంఘములన్నింటికి మా విజ్ఞప్తి. మీ ప్రాంతములోని పాఠశాల యాజమాన్య సమితులలో తల్లిదండ్రులుగా స్థానము పొందుడు. పై ఆరు ప్రశ్నలను వ్రాతపూర్వకముగా అడుగుడు. ఉపాధ్యాయ సంఘములతో కలసి కూర్చుండి, వారి మాట వినిన పిదపనే వేదికను నిర్ణయింపవలెనని పట్టుబట్టుడు. రైల్వే ఇన్‌స్టిట్యూటులలో, సంఘ కార్యాలయములలో సాయంకాలము రెండు గంటలు పిల్లల కొరకు కంప్యూటరును, కనెక్షనును కేటాయింపుడు. అచ్చట కూర్చుండి తెలుగు వాచకము చదివించు పెద్దలు ప్రతి కాలనీలోను ఉన్నారు. మన ఉద్యోగుల పిల్లలకే గాక, గేటు బయట బండి పెట్టుకొనినవారి పిల్లలకు కూడ ఆ గది తలుపు తెరచి ఉంచుడు.

మరియొక పసిబిడ్డ పాఠము కొరకు పండ్ల బుట్టతో వీధిలో కూర్చుండరాదు. అందులకు దాతల కొరకు ఎదురుచూడ నక్కరలేదు. మనము సంఘటితముగా నిలిచిన చాలును.