ఆఖరి నెల జీతం ఎందుకు వదులుకోవాలి?

ఉద్యోగం మానేసినవాళ్ళకి ఆఖరి నెల జీతం పడకపోతే మన ఇళ్ళలో మొదట వినబడే సలహా ఒకటే. "పోనీలే, వదిలెయ్. వేరేచోట ఉద్యోగం దొరికింది కదా, ఆ కాసిని డబ్బుల కోసం వాళ్ళతో పేచీ ఎందుకు? రిలీవింగ్ లెటర్ చేతికొస్తే అదే పదివేలు." అమ్మానాన్నలు అంటారు. అదే ఆఫీసులోంచి ముందే బయటపడిన స్నేహితులు అంటారు. మేలు కోరే అంటారు, అందులో అనుమానం లేదు. అయినా ఈ సలహా తప్పు. చేయించుకున్న పనికి డబ్బు ఎగ్గొట్టే యజమానులు ఇన్నేళ్ళుగా నిశ్చింతగా ఉన్నారంటే, ఆ ధైర్యంలో సగం ఈ సలహా పోసిందే.

ముందు ఆ "కాసిని డబ్బుల" సంగతి చూద్దాం. ఫుల్ అండ్ ఫైనల్ అని మనం పిలిచే లెక్కలో ఆఖరి నెల జీతం ఒక్కటే ఉండదు. వాడుకోని సెలవులకి రావలసింది, బోనసు బాకీ, ఆఫీసు పని మీద తిరిగి సొంత జేబులోంచి పెట్టుకున్న ఖర్చులు, అయిదేళ్ళు నిండితే గ్రాట్యుటీ, అన్నీ అందులోనే. గ్రాట్యుటీకి లెక్కపెట్టే జీతం 20,000 అనుకుందాం. పదేళ్ళ సర్వీసుకి, ఏడాదికి 15 రోజుల చొప్పున, నెలకి 26 పనిదినాలుగా లెక్కిస్తే లక్షా పదిహేను వేలు దాటుతుంది. ప్రైవేటు బడుల్లో పంతుళ్ళు, పంతులమ్మలు చాలామంది తమకీ హక్కు ఉందని ఎరగకుండానే దీన్ని పోగొట్టుకుంటున్నారు. 2009లో చట్టాన్ని సవరించి, 1997 ఏప్రిల్ 3 నుంచీ వర్తించేటట్టు ఉపాధ్యాయులకి గ్రాట్యుటీ ఇచ్చారు. యాజమాన్యాలు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి పోరాడితే 2022 ఆగస్టులో కోర్టు ఆ సవరణ చెల్లుతుందని తేల్చింది. బడి మారుతున్న టీచరుకి ఈ మాట చెప్పేవాళ్ళు ఎంతమంది? జూన్‌లో మళ్ళీ చేరితేనే వేసవి జీతం ఇస్తామన్నా, ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకుని తిప్పించుకున్నా, ఆమెకి దొరికే ఓదార్పు మళ్ళీ "వదిలెయ్" అనే.

"వదలమని ఎవరన్నారు, కంపెనీ పద్ధతి అంతే, నలభై అయిదు రోజుల్లో సెటిల్ చేస్తారు, ఓపిక పట్టు" అనేవాళ్ళు ఇంకొందరు. ఆ నలభై అయిదు రోజులు కంపెనీలు తమంతట తాము రాసుకున్న గడువు. చట్టం రాసిన గడువు వేరు. వేతనాల కోడ్ 2019లో పార్లమెంటు ఆమోదం పొంది, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. ఉద్యోగిని తీసేసినా, తనే రాజీనామా చేసినా, సంస్థ మూతపడినా, రావలసిన జీతం రెండు పనిదినాల్లో ఇచ్చెయ్యాలని అందులో ఉంది. అంతకుముందున్న 1936 నాటి చట్టం యజమాని తీసేసినప్పుడే ఈ గడువు పెట్టింది, అదీ నెల జీతం 24,000 దాటనివాళ్ళకే. ఇప్పుడు ఆ జీతం పరిమితి లేదు. మేనేజరైనా, క్లర్కైనా, సూపర్‌వైజరైనా ఒకటే. గ్రాట్యుటీకైతే ముప్పై రోజులు. ఆలస్యమైతే వడ్డీ కూడా కట్టాలి.

ఇక అసలు వాదన దగ్గరికి వద్దాం. యజమానుల వైపునుంచి వచ్చేది, మనలో చాలామంది నిజమేనేమో అనుకునేది ఇది: "నోటీసు పీరియడ్ పూర్తి చెయ్యకుండా వెళ్ళిపోతే ఆపరా మరి? ప్రాజెక్టు మధ్యలో వదిలేస్తే మాకు నష్టం కాదా?" ఈ వాదనని తేలిగ్గా కొట్టిపారెయ్యకూడదు. చెప్పాపెట్టకుండా మానేస్తే చిన్న క్లినిక్‌కైనా, పదిమంది పనిచేసే సాఫ్ట్‌వేర్ కంపెనీకైనా నిజంగానే ఇబ్బంది. ఒప్పంద పత్రంలో రాసుకున్న షరతుకి విలువ ఉంది. 2025 మేలో విజయా బ్యాంకు కేసులో, కనీసం మూడేళ్ళు పనిచెయ్యాలి, లేకపోతే రెండు లక్షలు కట్టాలి అన్న షరతు చెల్లుతుందని సుప్రీంకోర్టే చెప్పింది. ఆ తీర్పుని చూపించి, "చూశారా, మేము జీతం ఆపడం న్యాయమే" అనే హెచ్‌ఆర్ వాళ్ళు ఉంటారు. తీర్పు అన్నది అది కాదు. ఆ బ్యాంకు ఎంత మొత్తం కోరబోతోందో ఉద్యోగంలో చేరకముందే రాసి చూపించింది. ఇక్కడ జరిగేది అలాంటిదేనా? ఎంత నష్టమో చెప్పరు, కాగితం మీద లెక్క చూపరు, నెలంతా చేసిన పని తాలూకు డబ్బంతా పట్టుకుని కూర్చుంటారు. ఫోను చేస్తే "అకౌంట్స్‌లో పెండింగ్" అంటారు, మళ్ళీ చేస్తే "సార్ సంతకం కావాలి" అంటారు, ఆ తర్వాత ఫోను ఎత్తరు.

పనిచేసిన రోజుల జీతం ఒక బాకీ, నోటీసు ఇవ్వనందుకు యజమానికి రావలసింది ఉంటే అది ఇంకో బాకీ. రెండోదాన్ని అడగడానికి మొదటిదాన్ని తాకట్టు పెట్టుకునే అధికారం ఎవరూ ఇవ్వలేదు. జీతంలోంచి ఏమేం కోసుకోవచ్చో చట్టం పట్టిక ఇచ్చింది. మొత్తం కోత సగం జీతాన్ని మించకూడదంది. వస్తువు పాడైందనో పోయిందనో కోత పెట్టాలంటే ముందు ఉద్యోగి సంజాయిషీ వినాలంది. లాప్‌టాప్, ఐడీ కార్డు తిరిగి ఇచ్చెయ్యడం ఉద్యోగి బాధ్యతే, ఇచ్చినట్టు రసీదు తీసుకోవాలి కూడా. అవన్నీ అప్పజెప్పాక కూడా డబ్బు ఆగిందంటే దానికి నోటీసు పీరియడ్‌తో సంబంధం లేదు. వెళ్ళినవాణ్ణి శిక్షించి, ఉన్నవాళ్ళని భయపెట్టడానికే ఆపుతున్నారు.

భయం అన్నాను కనుక, ఈ వ్యవహారంలో అన్నిటికన్నా బరువైన మాట అదే. "పేచీ పెట్టుకుంటే లెటర్ ఇవ్వరు, రేపు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో చెడుగా చెప్తారు." ఈ భయం ఊరికే పుట్టింది కాదు. హైదరాబాద్‌లో ఉద్యోగం మారే ప్రతి కుర్రాడికీ, అమ్మాయికీ దీని సంగతి తెలుసు. అయితే ఆ లెటర్ ఒక్కటే ఆధారం అనుకోవడం పొరపాటు. నియామక పత్రం, జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంటు, ఫారం 16, పీఎఫ్ సర్వీసు వివరాలు, ఇవన్నీ మీరు అక్కడ పనిచేశారని చెప్తాయి. పీఎఫ్ ఖాతాలో మానేసిన తేదీ యజమానే వెయ్యాలన్న ఇబ్బంది కూడా 2020 నుంచి తప్పింది. ఆఖరి జమ పడిన రెండు నెలల తర్వాత ఉద్యోగే వేసుకోవచ్చు. రాజీనామా ఈమెయిల్‌లోనే ఇవ్వండి, అది అందినట్టు జవాబు తెప్పించుకోండి, ఆఫీసు మెయిల్ మూసెయ్యక ముందే జీతం కాగితాలు దాచుకోండి. ఇవి దగ్గరున్నవాళ్ళ మీద ఆ లెటర్ బెదిరింపు పెద్దగా పనిచెయ్యదు.

డబ్బు చేతికి రాకముందే "నాకు రావలసిందంతా ముట్టింది" అని సంతకం పెట్టించుకునే అలవాటు మరీ దారుణం. సంతకం పెట్టేశాను కదా, ఇంకేం చెయ్యగలను అని చాలామంది అక్కడితో ఆగిపోతారు. ఆగనక్కర్లేదు. తనకి రావలసిన డబ్బు వదులుకుంటున్నట్టు ఉద్యోగి ఒప్పుకున్నా ఆ ఒప్పందం చెల్లదని వేతనాల కోడ్‌లోనే రాసి ఉంది. పైగా క్లెయిమ్ వేశాక జీతం ఇచ్చానని రుజువు చేసుకోవలసిన భారం యజమానిది.

జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపునుంచి గల్ఫ్ వెళ్ళినవాళ్ళకి ఈ సంతకం బాగా తెలుసు. వాళ్ళు ఈ లెక్కని హిసాబ్ అంటారు. సౌదీ చట్టం ప్రకారం యజమాని పంపేస్తే వారంలో, కార్మికుడే మానుకుంటే రెండు వారాల్లో హిసాబ్ తేల్చాలి. యూఏఈలో 14 రోజులు. 2020లో కరోనా వచ్చినప్పుడు ఎందరో ఏళ్ళ తరబడి చేసిన కష్టానికి హిసాబ్ లేకుండానే విమానం ఎక్కారు. "ప్రాణాలతో వచ్చినవ్, గదే చాలు" అన్నారు ఇంట్లోవాళ్ళు. ఆ సమయంలో ఆ మాట అనడం సహజం. కానీ ప్రాణం దక్కిందని బాకీ తీరిపోదు.

"కోర్టుకెళ్తే ఏళ్ళు పడుతుంది, లాయరుకే అంతా అయిపోతుంది" అన్నది ఆఖరి అభ్యంతరం. లేబర్ ఆఫీసుల్లో ఆలస్యాలు ఉన్నమాట నిజం. అలాగని తలుపులన్నీ మూసి లేవు. క్లెయిమ్ వెయ్యడానికి మూడేళ్ళ గడువుంది. అధికారి మూడు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలి. బాకీకి తోడు దానికి పది రెట్ల దాకా పరిహారం వెయ్యవచ్చు. అయినా కట్టకపోతే కలెక్టరు భూమి శిస్తు బకాయిలాగే వసూలు చేస్తారు. జీతంలోంచి పీఎఫ్ కోసి ఖాతాలో కట్టకపోవడమైతే నేరపూరిత విశ్వాస ఘాతుకం కిందికే వస్తుంది. మహిళలకి, ఎస్సీ ఎస్టీలకి, పారిశ్రామిక కార్మికులకి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆదాయం చూడకుండా ఉచితంగా లాయరుని ఇస్తుంది.

ప్రభుత్వానికే మినహాయింపు దొరకలేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కరోనా కారణంగా ఉద్యోగుల జీతాల్లో, పింఛన్లలో కొంత భాగం వాయిదా వేస్తే ఒక రిటైర్డ్ జిల్లా జడ్జి హైకోర్టుకెళ్ళారు. ఖజానా కష్టాల్లో ఉందన్నది అబద్ధం కాదు, తర్వాత ఆ డబ్బు ఇచ్చారు కూడా. అయినా ఆలస్యానికి వడ్డీ కట్టమంది హైకోర్టు. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వడ్డీని 12 శాతం నుంచి 6కి తగ్గించింది గానీ ఎత్తెయ్యలేదు. మహమ్మారిలో ఖజానా ఖాళీ అయిన రాష్ట్రమే వడ్డీతో కట్టాల్సి వచ్చినప్పుడు, నెల నెలా ఫీజులు వసూలు చేసుకునే కాలేజీ ఆఖరి జీతం ఎగ్గొడితే మనం ఎందుకు సర్దుకుపోవాలి?

నెలకి ఇద్దరు మానేసే సంస్థలో ఆ ఇద్దరూ వదిలేస్తే యజమానికి అది ఏటా వచ్చే ఆదాయం అవుతుంది. ఒక్కరు రాతపూర్వకంగా అడిగితే లెక్క మారడం మొదలవుతుంది, నలుగురు కలిసి అడిగితే ఇంకా బాగా మారుతుంది. కొత్త కార్మిక చట్టాల ప్రకారం ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలి. ఆ పత్రంలోనే, జీతం అంకె పక్కనే, మానేసిన రెండు పనిదినాల్లో జీతం ఇచ్చెయ్యాలన్న మాటని, ఫిర్యాదు ఎక్కడ చెయ్యాలో ఆ అధికారి చిరునామాని తెలుగులో అచ్చు వేయించమని రెండు రాష్ట్రాల కార్మిక శాఖల్నీ అడుగుదాం. పిల్లలకి "వదిలెయ్" అని చెప్పే పెద్దలు ఆ అర్జీ మీద ముందు సంతకం పెట్టాలి.