భజన క్యాసెట్లను పాతసామాన్ల బండికి వేయకండి

ఆరాంఘర్ చౌరస్తా నుంచి శంషాబాదు దాకా ఉన్న ఊళ్ళలో ఏ పాత ఇల్లు కూల్చినా పాతసామాన్ల బండి వచ్చి నిలబడుతోంది. ఇత్తడి బిందెలకు ధర కడతారు. ఇనుప పెట్టెను తూకం వేస్తారు. అటక మీద నుంచి దించిన టేపు క్యాసెట్లకు మాత్రం ధర లేదు. వాటిని విరిగిన కుర్చీలతో పాటు ప్లాస్టిక్ కింద కలిపేస్తారు. ఈ మధ్య ఒక ఇంటి ముందు అలా పోసిన కుప్పలో ఒక క్యాసెట్టు మీద నీలి సిరాతో "శ్రీరామనవమి భజన, 1983" అని రాసి ఉండడం చూశాను. అడిగితే ఊరికే ఇచ్చారు. ఇంటికి తెచ్చి వింటే ఆరుగురి గొంతులు వినిపించాయి. ఆ ఆరుగురిలో ఇప్పుడు బతికి ఉన్నది ఒక్కరే.

మన పల్లెల్లో సంగీతం గురువు దగ్గర నేర్చుకున్నవారు తక్కువ, వాయించినవారు ఎక్కువ. పగలంతా నాగలి పట్టినవారు, సారె తిప్పినవారు, బడిలో పాఠం చెప్పినవారు శనివారం రాత్రి హనుమాండ్ల గుడిలో కూర్చుంటే భజన మండలి అయ్యేది. ఒకరు హార్మోనియం, ఒకరు డోలకు, మిగిలినవారికి తాళాలు, చిరతలు. పైసా తీసుకున్నవారు లేరు. ఏకాహానికి పిలిస్తే ఇరవై నాలుగు గంటలు వంతులు వేసుకుని పాడారు. ప్రసాదం తిని, తెల్లవారితే చేలకు పోయారు. ఇలా యాభై యేళ్ళు వాయించి, ఏనాడూ "నేను కళాకారుణ్ణి" అని చెప్పుకోనివారు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు.

వారు పాడినవి రామదాసు కీర్తనలు, బ్రహ్మంగారి తత్త్వాలు మాత్రమే కాదు. ఇప్పటి వికారాబాదు జిల్లా రాకమచర్లలో నరసింహస్వామిని కొలిచిన వేంకటదాసు కీర్తనలు, పాలమూరు వైపు మన్యంకొండ హనుమద్దాసు కీర్తనలు ఎక్కువగా భజన పరుల నోటనే ఊరూరా తిరిగాయి. వీటిలో కొన్ని పుస్తకాలకెక్కాయి. కాని పుస్తకంలో మాట ఉంటుందే తప్ప వరుస ఉండదు. పల్లవిని ఎక్కడ ఎత్తుకోవాలి, చరణం చివర ఎంతసేపు ఆగాలి, తాళం ఎక్కడ దుడుకు చేయాలి అన్నది చూపించే అక్షరం ఏదీ లేదు. అది గొంతు నుంచి గొంతుకు రావలసిందే.

మా ఇంట్లో పెట్టె వాయించింది మా నాయన. హార్మోనియాన్ని మా వైపు పెట్టె అనే అంటారు. నేను పదిహేనో యేట, 1972లో, డోలకుతో మొదలుపెట్టాను. పెట్టె ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఎలుకలు తిత్తిని కొరికితే మేకతోలు ముక్క అతికి, ఆరేదాకా పక్కనే కూర్చునేవాడు. మాకు జ్వరం వస్తే అంతసేపు కూర్చున్నట్టు గుర్తులేదు.

ఈ పెట్టెకు ఒక చిత్రమైన చరిత్ర ఉన్నది. కాళ్ళతో తొక్కే విలాయతీ వాద్యాన్ని నేల మీద కూర్చుని ఒక చేత్తో తిత్తి ఊదుతూ, మరో చేత్తో వాయించేలా కలకత్తాలో ద్వారకనాథ్ ఘోష్ మార్చారు. అది 1875 ప్రాంతపు మాట. అక్కడి నుంచి నాటకాలకు, నాటకాల నుంచి భజనలకు వచ్చింది. పండితులకు మాత్రం నచ్చలేదు. మన సంగీతానికి ప్రాణమైన గమకం ఇందులో పలకదని, మెట్టుకూ మెట్టుకూ మధ్యనున్న స్వరం దొరకదని వారి వాదన. అది నిజమే. 1940లో ఆకాశవాణి హార్మోనియాన్ని నిషేధించింది. 1971లో గాని ఆ నిషేధం సడలలేదు. రేడియోలో ముప్పై యేళ్ళు వెలి అనుభవించిన వాద్యం పల్లెటూరి గుళ్ళలో మాత్రం దర్జాగా మోగింది. గమకం పలకకపోయినా, బొంగురు గొంతులు పదీ ఒక శ్రుతిలో నిలబడాలంటే దానికి మించిన ఆసరా లేదు మరి.

ఆకాశవాణిలో పాడాలంటే స్వరపరీక్ష నెగ్గాలి. గ్రామఫోను కంపెనీల వారికి అమ్ముడుపోయే గొంతు కావాలి. మన దేశంలో 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాటతో రికార్డుల కాలం మొదలైనా, తర్వాత డెబ్బై యేళ్ళపాటు పల్లె భజన పరుల గొంతు ఏ రికార్డులోకీ ఎక్కకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఆ తలుపు తెరిచింది క్యాసెట్టు. ఫిలిప్స్ కంపెనీ దాన్ని 1963లో బయటికి తెచ్చింది. మన ఊళ్ళకు మాత్రం గల్ఫుకు పోయినవారి పెట్టెల్లో వచ్చింది. రేడియో, టేపు కలిసిన టూ ఇన్ వన్ ఒక్కటి ఊళ్ళోకి వస్తే ఊరంతా చూడబోయేది. ఖాళీ క్యాసెట్లకు కోఠి దాకా బస్సులో పోయేవాళ్ళం.

మేము మొదటిసారి రికార్డు చేసింది 1979లో, మా ఇంటి నడిమి గదిలో. టూ ఇన్ వన్‌ను మడతపెట్టిన దుప్పటి మీద గది మధ్యలో పెట్టాం. విని చూస్తే పెట్టె తప్ప మరేమీ వినిపించలేదు. రెండోసారి పెట్టెను గడప దగ్గరికి, డోలకును వసారాలోకి జరిపి, పాడేవారిని టేపు ముందు కూర్చోబెట్టాం. గోడలకు బొంతలు వేలాడదీస్తే మోత తగ్గుతుందని మా మండలిలో ఒక బడిపంతులు చెప్పారు. నిజంగానే తగ్గింది. కరెంటు పోతే సెల్లులు వేసేవాళ్ళం. సెల్లులు నీరసించినప్పుడు టేపు మెల్లగా తిరిగేది. మర్నాడు కరెంటు మీద వింటే అందరి గొంతులూ ఆడపిల్లల గొంతుల్లా సన్నబడి, కీర్తన పరుగులు తీసేది. ఆడవాళ్ళు వంటింట్లోంచి నవ్విన నవ్వు కూడా ఆ టేపులోకి ఎక్కింది.

తన గొంతు తాను మొదటిసారి విన్నవాడు నమ్మడు. "ఇది నాది కాదు" అనని మనిషిని నేను చూడలేదు. కాని మా మండలి బాగుపడింది ఆ తర్వాతనే. ఎవరు తొందరపడుతున్నారో, ఎవరి తాళం వెనకబడుతోందో పెద్దవారికి మొహం మీద చెప్పే ధైర్యం ఎవరికుంటుంది? టేపు చెప్పింది.

ఇక చెప్పవలసిన కష్టం ఒకటున్నది. మా నాయన ఒంటరిగా పాడిన తత్త్వాలు ఒక క్యాసెట్టు నిండా ఉండేవి. ఆయన 1994లో పోయారు. సంవత్సరీకం నాడు విందామని వేస్తే అందులో సినిమా పాటలు వచ్చాయి. ఇంట్లో ఎవరో దాని మీదనే రేడియో పాటలు ఎక్కించారు. ఎవరన్నది ఇప్పుడు అనవసరం. క్యాసెట్టు వెనకవైపు అంచున రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలుంటాయి. వాటిని విరిచేస్తే దాని మీద మళ్ళీ రికార్డు కాదు. రెండు నిమిషాల పని. నేను చేయలేదు. మొన్న దొరికిన 1983 నాటి క్యాసెట్టులో పెట్టె వాయించింది మా నాయనే. గొంతు మాత్రం లేదు.

ఈలోగా మన ప్రాంతం మారిపోయింది. విమానాశ్రయానికి వేల ఎకరాల భూములు పోయాయి. 2008 మార్చిలో విమానాలు దిగడం మొదలైంది. మరుసటి యేడు మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పై వంతెన వచ్చింది. భూములు పోయినవారు కొందరు, అమ్ముకున్నవారు కొందరు తలోదిక్కుకు వెళ్ళారు. గుడి ఉన్నచోటనే ఉన్నది గాని, పెట్టె వాయించేవాడు ఒక కాలనీలో, డోలకు వాయించేవాడు మరో కాలనీలో ఉన్నారు. శనివారం నలుగురం కూడడమే గగనంగా ఉంది. పండుగలకు డీజే పెట్టెలు వస్తున్నాయి. వాటి చప్పుడుకు కిటికీ అద్దాలు అదురుతాయే తప్ప మాట ఒక్కటి అర్థం కాదు. అలా అని తప్పంతా కుర్రవాళ్ళ మీదికి నెట్టడం న్యాయం కాదు. భజనకు మైకు తగిలించి చుట్టుపక్కలవారి నిద్ర చెడగొట్టే అలవాటు మొదలుపెట్టింది మన తరమే. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బహిరంగంగా మైకు వాడరాదని 2000 నాటి నిబంధనలు చెబుతున్నాయి. మైకు తీసేస్తే భజనకు పోయేదేమీ లేదు. గుళ్ళో కూర్చున్నవారికి వినిపిస్తే చాలు.

ఇప్పుడందరి చేతిలో ఫోను ఉంది కదా, రికార్డుకేం కొదవ అనవచ్చు. కొదవ లేదు. నిలవడమే లేదు. ఫోను నిండిందని తుడిచేస్తున్నారు, ఫోను మారితే పోతున్నది. నలభై యేళ్ళ నాటి క్యాసెట్టు ఈనాడు మోగింది గాని, నాలుగేళ్ళ కింద మేము ఫోనులో పట్టిన ఏకాహం ఇప్పుడు ఎవరి దగ్గరా లేదు. ఫోనులో విమానం బొమ్మ నొక్కితే నడుమ పిలుపులు రావు. నెత్తి మీద పోయే విమానాన్ని ఆపే బొమ్మ మాత్రం అందులో లేదు. అది పోయేదాకా ఆగి, చరణం మళ్ళీ ఎత్తుకుంటున్నాం.

క్యాసెట్లున్నవారు చేయవలసింది కొంత ఉంది. చాలాకాలం పడి ఉన్నదాన్ని తీయగానే మోగించకుండా, ఒకసారి ఈ కొస నుంచి ఆ కొసకు, మళ్ళీ వెనక్కు తిప్పాలి. టేపు మీద తెల్లని బూజు కనిపిస్తే అసలు వేయకూడదు, తెలిసినవారికి చూపాలి. తొంబై నిమిషాల క్యాసెట్లలో టేపు పలచన, త్వరగా చుట్టుకుంటుంది. అరవైవి గట్టివి. టేపును తాకే భాగాన్ని స్పిరిట్ దూదితో తుడవాలి. మోగే యంత్రం దొరికితే చెవి గొట్టాలు పెట్టే రంధ్రం నుంచి తీగ వేసి కంప్యూటరులోకి ఎక్కించవచ్చు. ఎవరు పాడారు, ఏ ఊరు, ఏ సంవత్సరం అన్న మూడు ముక్కలు రాసి పెట్టడం మరవవద్దు. పేర్లు చెప్పగలిగేవారు ఉండగానే రాయాలి.

అయితే ఇది ఇంటింటి పనిగా వదిలేస్తే సగమైనా కాదు. మనం ఇంటిపన్నుతో పాటు రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నాం. జిల్లా గ్రంథాలయ సంస్థ ప్రతి శాఖా గ్రంథాలయంలో కాకపోయినా, కనీసం మండలానికి ఒకచోట ఒక టేపు యంత్రం, ఒక కంప్యూటరు పెట్టి, ఊళ్ళలోని క్యాసెట్లను ఎక్కించుకుని అసలువాటిని తిరిగి ఇచ్చేస్తే ఎంత ఖర్చవుతుంది? 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయం విద్యార్థులను సెలవుల్లో ఈ పనికి పంపవచ్చు. అధికారులు దీన్ని పరిశీలించాలి.

"ఊరివాళ్ళ పాటలు ఎవరు వింటారు?" అని ఒక మిత్రుడు అడిగాడు. నిజం చెప్పాలంటే చాలా క్యాసెట్లు వినడానికి విసుగే. శ్రుతి జారుతుంది, దగ్గులు వినిపిస్తాయి, నా డోలకు చాలాచోట్ల నాకే నచ్చలేదు. కాని పన్నెండు మెట్ల కిన్నెర వాయించిన మొగిలయ్య ఎన్ని యేళ్ళు ఊరూరా తిరిగారో, ఎంతమంది విన్నారో తలుచుకోండి. పద్మశ్రీ వచ్చింది 2022లో.  బుర్రవీణ వాయించే దాసరి కొండప్పకు 2024లో గాని ఆ గౌరవం రాలేదు. ఏది వినదగినదో మనం ఇవాళ తేల్చడం ఎందుకు? ముందు ఉండనిద్దాం.

1983 క్యాసెట్టును తీసుకుని, అందులో మిగిలిన ఆ ఒక్కరి ఇంటికి వెళ్ళాను. ఎనభై దాటిన మనిషి. కళ్ళు సరిగా కనిపించవు. మంచం పక్కన టేపు పెట్టి మోగిస్తే చాలాసేపు మాట్లాడలేదు. రెండో కీర్తన నడుమ చెయ్యి ఎత్తి ఆపమన్నారు.

"ఇగో, ఈడ తాళం తప్పింది నేనే బిడ్డా. ఆ రాత్రి మీ నాయన నా దిక్కు గుర్రుగ సూసిండు. మల్ల పెట్టు."

వెనక్కు తిప్పి మళ్ళీ పెట్టాను. ఈసారి మంచం పట్టె మీద వేళ్ళతో తాళం సరిగ్గా వేశారు.