ఉచ్చు పోయింది, చూపు పోకూడదు

మా తాత కుండతో ఎలుకలు పట్టేవాడు. కుండకు చిల్లి పెట్టి, గడ్డి కూరి నిప్పంటించి, బొరియలోకి పొగ ఊదేవాడు. ఎలుక కూరకు, అది దాచుకున్న వడ్లు గంజికి. సూళ్లూరుపేట చుట్టుపక్కల మా యానాదుల ఇళ్లలో ఇప్పుడా కుండ కనపడడం అరుదు.

మా వేట పోవడానికి 1972 వన్యప్రాణి చట్టమే కారణమంటారు. అది సగం మాట. నేలపట్టు 1976లో పక్షుల అభయారణ్యమైంది, అక్కడి గూడబాతుల జోలికి పోతే కేసే. అంతకుముందే రాకెట్ల కోసం శ్రీహరికోట అడవి మాకు దూరమైంది. తర్వాత చేలు రొయ్యల గుంటలయ్యాయి. మిగిలిన పొలాల్లో ఎలుకలకు మందు పెడుతున్నారు. మందు తిన్న ఎలుకను ఎవరు తింటారు? నేనేమో బడికి పోయాను, ఉచ్చు వేయడం నేర్చుకోలేదు.

వేట పోయిందని నాకు ఏడుపు లేదు. బురదలో అడుగుజాడ చూసి పిట్ట పేరు చెప్పే ఆ చూపు పోతోందనే బాధ. అలాంటి నేర్పుతోనే తమిళనాడులో ఇరులర్ తెగవాళ్లు 1978లో పాములు పట్టేవాళ్ల సహకార సంఘం పెట్టుకున్నారు. వాళ్లు తీసే విషంతో పాముకాటు మందు తయారవుతోంది. మా పులికాట్ సరస్సు పక్షులకు పండగ చేసే సర్కారు, వాటిని చూపించే పనికి, కాపలా పనికి ముందు మా వాళ్లను పిలవాలి. పట్టడం తెలిసినవాడికే కాపాడడం బాగా తెలుసు.